టండ్రా ఎలుకలు, విశాఖ తీరపు వలస పిట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైతే చాలు, విశాఖ తీరంలో పక్షులు చూసేవాళ్ల మధ్య ఒకటే వాదన. పోయినేడు వలస పిట్టలు గుంపులు గుంపులుగా దిగాయి కదా, ఈ ఏడు ఏమయ్యాయి? కాలుష్యమని ఒకరు, తుపానని ఇంకొకరు, కుక్కలని మరొకరు. ఇవేవీ కొట్టిపారేయాల్సినవి కావు. కానీ ఈ వాదనలో పేరైనా వినపడని జీవి ఒకటుంది. దాని పేరు లెమ్మింగ్. ఉత్తర ధ్రువం చుట్టూ చెట్లు మొలవని చలి నేల టండ్రాలో బతికే ఎలుక లాంటి జంతువు. పిట్టల లెక్కల గురించి మాట్లాడే ముందు దాని సంగతి తెలుసుకోవడం మంచిది.

సైబీరియాలో ఎలుకలు తగ్గితే భీమిలిలో పిట్టలు తగ్గడమేమిటి?

ఈ పిట్టలు లెమ్మింగులను తినవు, లెమ్మింగులు వీటి జోలికి రావు. రెండింటి మధ్యా ఉన్నది ధ్రువపు నక్క. దానికి తోడు స్కువా పక్షులు, మంచు గుడ్లగూబలు, ముంగిసను పోలిన ఎర్మిన్లు. టండ్రాలో వీటన్నిటికీ అసలు తిండి లెమ్మింగే. అది పుష్కలంగా దొరికే వేసవిలో, నేల మీద నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చున్న చిన్న పిట్ట కోసం నక్క అంతగా వెతుక్కోదు. లెమ్మింగులు మాయమైన వేసవిలో అదే నక్క గడ్డి దుబ్బు దుబ్బుకీ ముక్కు పెడుతుంది. గుడ్లు దొరికితే గుడ్లు, పిల్లలు దొరికితే పిల్లలు.

అలా తప్పించుకుని బతికి బట్టకట్టిన పిల్లలే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన తీరానికి దిగుతాయి. కాబట్టి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మీరు చూసే గుంపులో ఆ ఏటి పిల్లలు ఎన్ని ఉన్నాయన్నది, రెండు మూడు నెలల కిందట ఉత్తర సైబీరియాలోని టైమిర్ ద్వీపకల్పంలో నక్కలు ఏం తిన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. టైమిర్ మనకు ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

లెమ్మింగ్ అంటే ఎలుకేనా?

ఎలుకల బంధువే. పొట్టి తోక, గుండ్రటి ఒళ్లు, బొచ్చులో దాదాపు కనిపించకుండా పోయే చెవులు. బరువు ఎక్కువగా 50 నుంచి 100 గ్రాముల మధ్య. టైమిర్‌లో రెండు రకాలున్నాయి: సైబీరియా గోధుమ లెమ్మింగ్, మెడపట్టీ లెమ్మింగ్. రెండోది చలికాలంలో తెల్లబడుతుంది, మంచు తవ్వడానికి ముందు కాళ్ల గోళ్లు కూడా పెరుగుతాయి.

అంత చలిలోనూ ఇది ముడుచుకుని నిద్రపోదు. మంచు దుప్పటి కింద, నేలకు ఆనుకుని సొరంగాలు చేసుకుని, నాచూ గడ్డీ తింటూ, అక్కడే గూడు కట్టి పిల్లల్ని కూడా పెడుతుంది. గర్భం మూడు వారాలే. పుట్టిన ఆడపిల్ల నెలా నెలన్నరకే తల్లి కాగలదు. చలికాలం అనుకూలించిందంటే, మంచు కరిగే జూన్ నాటికి ఎక్కడ అడుగేసినా లెమ్మింగే అన్నట్టుంటుంది.

మూడు నాలుగేళ్లకోసారి పెరిగి ఎందుకు పడిపోతాయి?

ఈ ప్రశ్న మీద శాస్త్రవేత్తలు నూరేళ్లుగా కొట్టుకుంటున్నారు. ఇంగ్లండుకు చెందిన చార్ల్స్ ఎల్టన్ 1924లోనే జంతువుల సంఖ్య ఇలా నియమంగా పెరిగి తగ్గడం గురించి రాశారు. ఆ తర్వాత కెనడాలో హడ్సన్స్ బే కంపెనీ నక్క తోళ్ల లెక్కల పుస్తకాల్లో కూడా ఇలాంటి లయే బయటపడింది. తోళ్ల వ్యాపారులకు జీవశాస్త్రంతో పనేముంది? అయినా వాళ్ల చిట్టాలే సాక్ష్యం చెప్పాయి.

కారణాల్లో ఒకటి తిండి: మరీ పెరిగిపోయిన లెమ్మింగులు తమ మేతను తామే ఊడ్చేస్తాయి. రెండోది వేటాడే జంతువులు. 2003లో ఈశాన్య గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన, అక్కడి నాలుగేళ్ల చక్రాన్ని తిప్పేది ప్రధానంగా ఎర్మినే అని తేల్చింది. ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే ఈ జంతువు మంచు కింది సొరంగాల్లోకే దూరి వేటాడుతుంది. లెమ్మింగులు పెరిగాక దాని సంఖ్య పెరుగుతుంది, అయితే ఒక ఏడు ఆలస్యంగా. ఆ ఆలస్యమే చక్రానికి ఇరుసు. నక్క, గుడ్లగూబ, స్కువాలు మాత్రం లెమ్మింగులు ఎక్కువున్న చోట ఆగి తింటాయి, లేకపోతే వేరే దారి చూసుకుంటాయి. అన్ని చోట్లా కారణం ఇదే అనుకోనక్కర్లేదు, ఒక్కో ప్రాంతంలో ఒక్కోదాని పాలు ఎక్కువ.

లెమ్మింగులు పోతే నక్కలూ ఆకలితో పోతాయిగా, అప్పుడు పిట్టలకు మంచిదేగా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నక్కలు పోయే మాట నిజమే, కానీ వెంటనే పోవు.

లెమ్మింగులు విరగబడిన ఏడు తీసుకోండి. ధ్రువపు నక్క ఒక్క ఈతలో పదికి పైగా పిల్లల్ని కూడా పెట్టగలదు. మంచు గుడ్లగూబ మామూలుగా కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడుతుంది, పది దాటిన సందర్భాలూ ఉన్నాయి. స్కువాలు జంటలు జంటలుగా దిగుతాయి. అన్నిటి కడుపులూ నిండుగా ఉంటాయి కాబట్టి పిట్టల గూళ్లకు అది మంచి ఏడు. ఆగస్టు వచ్చేసరికి పిల్ల పిట్టలు వేలకు వేలుగా దక్షిణానికి బయల్దేరతాయి.

చలికాలం గడిచి మళ్లీ జూన్ వస్తుంది. ఈలోగా లెమ్మింగులు కుప్పకూలాయి. కానీ పోయినేడు పుట్టిన నక్క పిల్లలు పెరిగి పెద్దవై టండ్రా అంతటా తిరుగుతున్నాయి. నోళ్లు పెరిగాయి, కూడు పోయింది. సరిగ్గా అప్పుడే మన పిట్టలు ఆరు వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్లి గుడ్లు పెడతాయి. చెడ్డ ఏడంటే ఇదీ. కొన్ని చోట్ల ఆ వేసవిలో గూళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి.

మూడో ఏడు లెమ్మింగులు ఇంకా తక్కువే, కానీ నక్కల్లో చాలావరకు ఆకలికి చచ్చిపోయి ఉంటాయి, ఉన్నవి కూడా పిల్లల్ని పెట్టవు. పిట్టలకు అది నడిమి రకం ఏడు. వాతావరణం కలిసొస్తే బాగానే గట్టెక్కుతాయి. కాబట్టి పిట్టల పిల్లల్ని నిర్ణయించేది లెమ్మింగుల సంఖ్య ఒక్కటే కాదు. ఆ ఏడు లెమ్మింగులు ఎన్ని, పోయినేడు మిగిల్చిన నక్కలు ఎన్ని అన్న రెండూ కలిపి చూడాలి.

తల్లి పిట్ట గూడును కాపాడుకోలేదా?

దానికి చేతనైంది అది చేస్తుంది. మన తీరానికి వచ్చే కర్లూ సాండ్‌పైపర్‌ను చూడండి. బరువు అరవై గ్రాములకు అటూ ఇటూ. సైబీరియా టండ్రాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దాదాపుగా ఇది సంతానం కనదు. మగది జత కట్టి జూలై మొదట్లోనే దక్షిణానికి బయల్దేరుతుంది. నాలుగు గుడ్లనీ ఇంచుమించు మూడు వారాలు పొదిగేది తల్లి ఒక్కతే. నక్క దగ్గరికొస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దూరంగా లాక్కుపోయే ప్రయత్నం చేస్తుంది. ఆకలితో ఉన్న నక్క దగ్గర ఈ నాటకం ఎన్నిసార్లు పారుతుంది?

లిటిల్ స్టింట్ పద్ధతి వేరు. ఆడది రెండు గూళ్లలో గుడ్లు పెట్టి, ఒకటి మగదానికి వదిలేసి, ఒకటి తాను పొదుగుతుంది. ఒక గూడు పోయినా రెండోది మిగలొచ్చు. పాతిక గ్రాముల పిట్టకు ఎంత ముందుచూపో.

నాకు అన్నిటికంటే నచ్చేది బ్రెంట్ బాతుల తెలివి. ఇవి మన దేశానికి రావు గానీ, టైమిర్‌లో మంచు గుడ్లగూబ గూటి చుట్టూ గూళ్లు కట్టుకుంటాయి. గుడ్లగూబ తన పిల్లల కోసం నక్కను తరిమికొడుతుంది, ఆ నీడన బాతులూ బతికిపోతాయి. కాకపోతే ఆ రక్షణ లెమ్మింగులున్న ఏడే దొరుకుతుంది. అవి లేని ఏడు గుడ్లగూబ అక్కడ గూడే కట్టదు.

ఈ సంగతి ఎలా బయటపడింది?

ఆశ్చర్యం ఏమిటంటే, మొదటి ఆధారాలు టండ్రాలో కాదు, పిట్టలు చలికాలం గడిపే చోట, దారిలో దిగే చోట దొరికాయి. అంటే మనలాంటి చోట్లే. నెదర్లాండ్స్‌కు చెందిన రోసెలార్ 1979లో కర్లూ సాండ్‌పైపర్ల సంఖ్య ఏటేటా ఊగిసలాడడాన్ని లెమ్మింగులతో ముడిపెట్టారు. 1986లో సమ్మర్స్ అనే పరిశోధకుడు బ్రెంట్ బాతుల్లో అదే లయ చూపించారు. మరుసటి ఏడు ఆయనా, దక్షిణాఫ్రికాకు చెందిన అండర్‌హిల్ కలిసి బాతులనూ తీరపు పిట్టలనూ పక్కపక్కన పెట్టి చూశారు. యూరప్ తీరంలో బాతు పిల్లలు ఎక్కువున్న ఏళ్లే దక్షిణాఫ్రికాలోని లాంగెబాన్ కయ్యలో పిల్ల పిట్టలు ఎక్కువున్న ఏళ్లు. చలికాలం గడిపే చోట్లు వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి, పుట్టిన చోటు మాత్రం ఒక్కటే. కాబట్టి కారణం పుట్టింట్లోనే ఉండాలి. సోవియట్ ఆంక్షలు సడలాక 1990ల మొదట్లో పరిశోధకులు టైమిర్‌కే వెళ్లి గూళ్లు చూశారు.

2002లో స్వీడన్ నుంచి ఇంకో గట్టి ఆధారం వచ్చింది. ఓలండ్ ద్వీపంలోని ఒట్టెన్‌బీ కేంద్రంలో యాభై ఏళ్లపాటు పట్టి వదిలిన పిట్టల లెక్కల్లో, రెడ్ నాట్, కర్లూ సాండ్‌పైపర్ పిల్లల సంఖ్య లెమ్మింగుల చక్రాన్ని అనుసరించింది. అన్నేళ్లు ఒకే చోట, ఒకే పద్ధతిలో లెక్క రాసినందుకే అది సాధ్యమైంది.

మన తీరంలో ఏ పిట్టల మీద ఈ ప్రభావం ఉంటుంది?

ఆర్కిటిక్ టండ్రాలో పుట్టేవాటి మీద. కర్లూ సాండ్‌పైపర్, లిటిల్ స్టింట్, అలల వెంట పరుగులు తీసే సాండర్లింగ్, రాళ్ల మీద నాచు తిరగేసే టర్న్‌స్టోన్, గ్రే ప్లవర్, పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ ఈ కోవలోవి. అన్నిటి మీదా ఒకే స్థాయిలో ఉండదు. ప్లవర్లు కాస్త పెద్దవి, గూటి దగ్గరికొచ్చిన స్కువాలను తరమగలవు.

మామూలు ఉల్లంకి పిట్ట, రెడ్‌షాంక్ లాంటివి ఇంకా దక్షిణాన గూడు కడతాయి. రెడ్‌షాంకులు లడఖ్ దాకా కూడా పిల్లల్ని చేస్తాయి. చిన్న సాండ్ ప్లవర్లవి మధ్య ఆసియా ఎత్తైన కొండలు, పీఠభూములు. హార్బర్ దగ్గర పడవల చుట్టూ తిరిగే గోధుమ తల గల్ పక్షులు టిబెట్ సరస్సులవి. వీటికి లెమ్మింగులతో లావాదేవీ లేదు. మన పొలం గట్ల మీద అరిచే తీతువు పిట్ట అయితే ఇక్కడే పుట్టి ఇక్కడే పెరుగుతుంది. తీతువులు తగ్గాయంటే కారణం ఊళ్లోనే వెతకాలి.

పిల్ల పిట్టను గుర్తుపట్టడం ఎలా?

సెప్టెంబరు, అక్టోబరులో తేలిక. కర్లూ సాండ్‌పైపర్ పిల్లకు వీపు మీద ప్రతి ఈకకూ లేత రంగు అంచు ఉంటుంది, దూరం నుంచి పొలుసుల్లా కనిపిస్తుంది. రొమ్ము మీద లేత నారింజ ఛాయ. ఈకలన్నీ కొత్తవి, ఒకే ఈడువి. అదే సమయంలో పెద్దవాటి మీద వేసవి ఎరుపు మరకలు మరకలుగా మిగిలి, పాత ఈకలు కొత్త ఈకలు కలగాపులగంగా ఉంటాయి. పెద్దవి ఆగస్టు నుంచే దిగడం మొదలవుతుంది, పిల్లలు వాటి వెనక వస్తాయి. అమ్మ వెంట కాదు, తమంతట తామే. పుట్టి రెండు నెలలైనా కాని పిట్ట, దారి చూపేవాళ్లు లేకుండా సైబీరియా నుంచి బంగాళాఖాతం చేరడం గురించి ఎంత చదివినా నాకు మింగుడుపడదు.

డిసెంబరు, జనవరికి అన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. అప్పుడు రెక్క మీద చిన్న ఈకల అంచులు చూసి చెప్పాలంటే మంచి టెలిస్కోపూ, ఓపికా రెండూ కావాలి.

ఈసారి జనవరి లెక్కలో పిట్టలు తగ్గాయి. లెమ్మింగులు పడిపోయినట్టేనా?

అంత తొందర వద్దు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన (మన ఉపఖండంలో 1987 నుంచి జరుగుతోంది) మొత్తం పిట్టల సంఖ్య ఇస్తుంది. పిల్లలెన్ని, పెద్దవెన్ని అని విడదీయదు. ఆటూ పోటూ, గాలి, ఆ రోజు ఏ గుంపు ఏ ఇసుక దిబ్బ మీద వాలింది అన్నవి కూడా ఆ సంఖ్యను మార్చేస్తాయి. మేఘాద్రిగెడ్డ జలాశయంలో నీరు నిండుగా ఉంటే గట్టు బురద తేలదు, పిట్టలు వేరే చోటికి పోతాయి. దానికి నక్కలేం చేస్తాయి?

జూలై చలిగాలి కూడా లెక్కలోదే. ఈ పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచే తమ పురుగులు తామే ఏరుకోవాలి. చల్లటి వాన, మంచు పడితే పురుగులు బయటికి రావు, పిల్లలు వెచ్చదనం కోసం తల్లి కిందే ముడుచుకుంటాయి, మేతకు సమయం చాలదు. నక్కలు లేని ఏడు కూడా ఇలా పోవచ్చు.

చూడాల్సింది పిల్లల వాటా. అది ఒక ఏడు అటూ ఇటూ అయితే సహజం. పిల్లలు బాగానే వస్తున్నా మొత్తం తగ్గుతూ పోతుంటేనే అసలు అనుమానం రావాలి. అంటే పెద్ద పిట్టలు దారిలోనో, ఇక్కడో చచ్చిపోతున్నాయి. ఆ నేరం లెమ్మింగ్ మీద వేయడానికి లేదు. ఒక్క ఏటి లెక్క పట్టుకుని పిట్టలు అంతరించిపోతున్నాయని పెట్టే పోస్టులూ, ఒక్క మంచి ఏడు చూసి అంతా బాగుందనే పోస్టులూ రెండూ నాకు ఒకే రకంగా కనిపిస్తాయి. చక్రం ఒక చుట్టు తిరగడానికే నాలుగేళ్లు పడుతుంది, కనీసం రెండు చుట్లయినా చూడాలి.

మే, జూన్ నెలల్లో కూడా కొన్ని ఇక్కడే ఉంటాయేం? జబ్బు చేసిందా?

చాలావరకు అవి ఏడాది నిండని పిట్టలు. కర్లూ సాండ్‌పైపర్ లాంటివి మొదటి వేసవి ఎక్కువగా చలికాలపు విడిదిలోనే గడిపేస్తాయి, మరుసటి ఏడు గానీ ఉత్తరానికి పోవు. సైబీరియాలో మంచి ఏడు గడిస్తే, ఆ పై వేసవిలో ఇక్కడ ఆగిపోయేవి కూడా ఎక్కువ ఉంటాయి. లాంగెబాన్‌లో ఈ తేడాను ఏళ్ల తరబడి లెక్కపెట్టారు. మన ఎండల్లో నిలబడి లెక్కపెట్టేవాళ్లు కావాలి గానీ, మే నెల లెక్క జనవరి లెక్కంత విలువైనదే.

లెమ్మింగులు గుంపుగా కొండ మీంచి దూకి చస్తాయంటారు, నిజమా?

కాదు. 1958 నాటి ఒక అమెరికన్ డాక్యుమెంటరీలో అలా చూపించారు, అది కెమెరా కోసం కల్పించిన దృశ్యమని తర్వాత బయటపడింది. సంఖ్య పెరిగినప్పుడు వలస పోతాయి, నదులు దాటబోయి కొన్ని మునిగిపోతాయి, అంతే.

మిజోరంలో వెదురు పూసినప్పుడు వచ్చే ఎలుకల దండు లాంటిదేనా ఇది?

చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మూలం వేరు. అక్కడ వెదురు సుమారు 48 ఏళ్లకోసారి ఒక్కసారిగా పూస్తుంది. గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, గింజ అయిపోగానే పంట మీద పడతాయి. 1959లో కరువు తెచ్చింది అదే, 2006-08లో మళ్లీ వచ్చింది. అక్కడ గడియారం తిప్పేది మొక్క. లెమ్మింగుల దగ్గర వేటాడే జంతువులు, మేత, మంచు కలిసి తిప్పుతాయి. మన వరి చేలల్లో ఎలుకల సంఖ్య పంట కాలాన్ని బట్టి నడుస్తుంది. దానికీ వలస పిట్టలకూ ముడి లేదు.

భూమి వేడెక్కితే ఈ చక్రం ఏమవుతుంది?

కొన్ని చోట్ల ఇప్పటికే తడబడింది. దక్షిణ నార్వే కొండల్లో 1994 తర్వాత లెమ్మింగులు మునుపటిలా విరగబడడం ఆగిపోయిందని 2008లో ఒక పరిశోధన చూపించింది. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 2000 ప్రాంతంలో చక్రం చదునైపోయింది, అక్కడి మంచు గుడ్లగూబల సంతానం కూడా దాంతోపాటే పడిపోయింది. చిక్కంతా మంచు నాణ్యతలో ఉంది. చలికాలం మధ్యలో వేడి వచ్చి మంచు కరిగి మళ్లీ గడ్డకడితే నేల మీద గాజు పలకలా మంచుగడ్డ పరుచుకుంటుంది. లెమ్మింగుకు సొరంగం చేసుకునే చోటూ ఉండదు, మేతా అందదు.

చక్రం ఆగితే చెడ్డ ఏళ్లు పోతాయి కదా అనిపించవచ్చు. పోయేవి మంచి ఏళ్లు. నక్కలకు ఏటా అరకొర తిండే అయితే ఏటా గూళ్ల మీద కన్నుంటుంది. ఆర్కిటిక్‌లో గూళ్ల నష్టం బాగా పెరిగిందని 2018లో ఒక పరిశోధన ప్రకటిస్తే, లెక్క కట్టిన పద్ధతే సరిగ్గా లేదని మరుసటి ఏడు వేరే బృందం అభ్యంతరం చెప్పింది. ఆ తగువు సంగతెలా ఉన్నా, 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ కర్లూ సాండ్‌పైపర్‌ను ముప్పు ముంగిట ఉన్న జాతుల్లోంచి తీసి, ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది.

టండ్రాలో జరిగేదానికి వైజాగ్‌లో ఉన్న మనం చేయగలిగింది ఏముంది?

నక్కల్ని ఆపలేం, ఆపకూడదు కూడా. అది ఆ నేల నడక. ఈ పిట్టలు ఆ నడకకు అలవాటుపడే బతికాయి. పదేళ్లు దాటి బతికినవి ఎన్నో ఉన్నాయి కాబట్టి, రెండు చెడ్డ ఏళ్లు పోయినా ఒక మంచి ఏడు వస్తే సరిపోతుంది. కానీ ఆ మంచి ఏడు వచ్చేదాకా పెద్ద పిట్ట బతికి ఉండాలి. దాని ఏడాదిలో ఎక్కువ నెలలు గడిచేది మన దగ్గరే. మన బాధ్యత అంతా ఇందులోనే ఉంది.

ఆర్కే బీచ్‌లో జనాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. భీమిలి నదీముఖం, నౌపడ ఉప్పు మడుల లాంటి చోట్ల పోటు సమయంలో పిట్టలు ఒక దిబ్బ మీద గుంపుగా కునుకు తీస్తాయి. ఆ గంట రెండు గంటలు వాటిని లేపకుండా ఉంటే చాలు. కుక్కను వదలడం, ఫోటో కోసం గుంపును ఎగరగొట్టడం, ఇసుక మీద బైకులు నడపడం మానాలి. మార్చి, ఏప్రిల్‌లో మరీ జాగ్రత్త, అప్పుడవి ఉత్తర ప్రయాణానికి కొవ్వు పట్టించుకుంటుంటాయి. ఊరికే ఎగిరిన ప్రతిసారీ కొంత కరిగిపోతుంది. వల పన్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అలాంటిది కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి.

కాలికి రింగు ఉన్న పిట్ట కనిపిస్తే?

దగ్గరికి వెళ్లకండి. రంగు రంగుల జెండా లాంటి ప్లాస్టిక్ ముక్క ఉంటే ఏ రంగు, ఏ కాలికి, మోకాలి కీలుకు పైనా కిందా, దాని మీద అక్షరాలు కనిపిస్తే అవి రాసుకోండి. మసకగా వచ్చినా ఫోటో తీయండి. చచ్చిన పిట్ట కాలికి లోహపు రింగు దొరికితే దాని మీది అంకె మొత్తం, చిరునామా ఉంటే అదీ రాసి, దొరికిన చోటు, తేదీ కలిపి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. తమిళనాడులోని కోడియక్కరైలో ఆ సంస్థ ఏళ్లుగా తీరపు పిట్టలకు రింగులు వేస్తోంది. పిట్ట పిల్లదో పెద్దదో తెలిస్తే అది కూడా రాయండి, తెలియకపోతే ఊహించి రాయొద్దు.